ఆలస్యము ఎవరిది?



గడచిన నెలలో గుడియాత్తంలో జరిగిన కుటుంబ కూడికలో ఒక సహోదరి లేచి నిలబడి నన్నొక ప్రశ్న అడిగినది. ఆమెకు ఇద్దరు బిడ్డలు. "మాస్టారూ, ప్రతి ఉదయము పిల్లలను తిట్టకుండా బడికి పంపలేకపోతున్నానండి. పెద్దవాడికి ఒక దెబ్బ కూడా పడుతుంది. వ్యాను ఎక్కించి వచ్చాక నాకే ఏడుపు వస్తుంది. మరునాడు మళ్ళీ అంతే. ఇది పాపమేనా అండీ?" అన్నది.

కొందరు నవ్వారు. అది ఎగతాళి నవ్వు కాదు. ప్రతి ఇంటిలోనూ అదే జరుగుచున్నది గనుక నవ్వారు. పెద్దవాడిని గనుక నేను ఏదో ఒకటి చెప్పవలసి వచ్చినది. "ఓపిక కావాలమ్మా" అని చెప్పి కూర్చున్నాను. తిరిగి వేలూరు వచ్చే బస్సులో నాకే సిగ్గు వేసినది. ఓపిక మిగలడము లేదనే కదా ఆమె చెప్పినది! ఆకలిగా ఉన్నదన్న మనిషికి అన్నము తినవమ్మా అని చెప్పినట్టున్నది నా జవాబు.

అందుచేత ఈ నెల పత్రికలో నాకిచ్చిన పేజీలను ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాను. వాక్యము ఎత్తి బోధించుట పాస్టరుగారి పని, అందులోనికి నేను వెళ్ళను. ముప్పై అయిదు సంవత్సరములు బడి గంట కొట్టించిన మనిషిగా నాకు తెలిసినంత మట్టుకు వ్రాస్తాను.

ముందు ఆ ఇంటి ఉదయమును చూద్దాము. భర్తకు రాణీపేటలో పని. ఆమె ఆంబూరు వైపు ఒక షూ కంపెనీకి వెళ్ళును. కంపెనీ బస్సు వీధి మొదటికి ఏడున్నరకు వస్తుంది. పిల్లల వ్యాను ఏడుంబావుకు. ఆ రెండింటికీ ముందే నీళ్ళు పట్టాలి, ఇడ్లీ దించాలి, చట్నీ రుబ్బాలి, మధ్యాహ్నానికి నాలుగు క్యారేజీలు కట్టాలి, చిన్నదానికి జడ వేయాలి, పెద్దవాడి రెండవ సాక్సు వెదకాలి. ఆ రెండవ సాక్సు ఎక్కడికి పోవునో ఇంతవరకు ఏ ఇంటిలోనూ ఎవరూ కనిపెట్టలేదు.

ఇందులో బిడ్డలు నిర్ణయించినది ఒక్కటైనా ఉన్నదా? కంపెనీ వేళ యజమాని పెట్టినది. వ్యాను వేళ డ్రైవరు పెట్టినది, అతడు మూడు బళ్ళు తిరగాలి. బడి గంట హెడ్మాస్టరు పెట్టినది. రాత్రి ఎప్పుడు పడుకోవాలన్నది పెద్దవారి ఇష్టము. ఇన్ని గడియారముల మధ్య గడియారము చూడడమే సరిగా రాని చిన్నది, వచ్చినా దాని మీద అధికారము లేని ఎనిమిదేండ్లవాడు నిలబడి ఉన్నారు. చివరకు దెబ్బ తిన్నది ఆ ఎనిమిదేండ్లవాడు.

కాట్పాడి స్టేషనులో జనరల్ బోగీ ఎక్కినవారికి తెలిసియే ఉంటుంది. వెనుకనెక్కడో ఒకరు తోస్తారు. ఆ తోపు మనిషి నుండి మనిషికి వచ్చి వచ్చి మెట్టు మీదనున్న చిన్నపిల్లవాడికి తగులుతుంది. తోసినవాడు వాడికి కనబడడు. తన వీపుకు తగిలిన చేయి మాత్రమే తెలుస్తుంది. మన ఇండ్లలో ఉదయము పూట ఆ చేయి తల్లిది.

అయితే తల్లికి బాధ్యతే లేదని నేను అనుట లేదు. తోపు తనది కాకపోయినా చేయి తనదే, ఆ సహోదరి కన్నీళ్ళకు కారణము అదియే. ఆలస్యము ఎవరి వలన కలిగినది అనునది ఒక ప్రశ్న. దాని భారము ఎవరు మోయవలెను అనునది మరొక ప్రశ్న. మనము మొదటి ప్రశ్న అడగకుండానే రెండవ దానికి జవాబు చెప్పేస్తాము, అది కూడా ఇంటిలో అందరికంటె చిన్నవాడి వైపు చూపించి.

ఈ మాట చెప్పుటకు నాకున్న హక్కు ఏపాటిదో కూడా చెప్పాలి. నేను టీచర్ ట్రైనింగు పూర్తి చేసి 1982లో ఉద్యోగములో చేరాను. ట్రైనింగులో మాకు నల్లబల్ల మీద వంకర లేకుండా వ్రాయడము, పాఠ్య పథకము తయారు చేయడము, అట్ట కత్తిరించి గడియారము చేసి ముళ్ళు త్రిప్పి చూపించడము నేర్పారు. ఆలస్యముగా వచ్చిన బిడ్డను ఏమి చేయాలో ఎవరూ నేర్పలేదు. మా మాస్టర్లు మమ్మును ఏమి చేశారో మేమూ అదే చేశాము.

రెండేండ్ల తరువాత, అనగా 1984లో, గుడియాత్తం ప్రాంతములో తెలుగు సెక్షను ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో అయిదవ తరగతి నాది. ఒక అబ్బాయి వారములో మూడు నాలుగు రోజులు ప్రార్థన అయిపోయిన తరువాత వచ్చేవాడు. అరచేతి మీద రెండు దెబ్బలు, మొదటి పీరియడు అయ్యేవరకు బయట నిలబడడము, ఇది నా తీర్పు. ఎందుకు ఆలస్యమైనదని అడిగితే తల దించుకొనేవాడు. మొండివాడని నా మనస్సులో వ్రాసుకొన్నాను.

ఒకసారి వారము రోజులు వాడు రాలేదు. నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ప్రేమతో వెళ్ళానని చెప్పుకొంటే అబద్ధము. ఇన్‌స్పెక్షను దగ్గర పడినది, హాజరు తక్కువగా కనబడుతుందని వెళ్ళాను. తల్లి, అక్క చేటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. జ్వరము తగ్గి లేచిన అబ్బాయి గోడకు ఆనుకొని, చుట్టి దారము కట్టిన బీడీల తలలు మూస్తున్నాడు. కత్తిరించిన ఆకు కొన లోపలికి మడిచి నొక్కాలి, ఒకటి తరువాత ఒకటి, వందలు. ఆ తల్లి నాకు ముక్కాలిపీట వేసి చెప్పినది: "వాడు నాలుగింటికే లేస్తాడయ్యా. తొమ్మిదింటికి ఏజెంటుకు వెయ్యి లెక్క అప్పగించాలి. అడ్వాన్సు తీసుకొని ఉన్నాము. తలలు మూసేది వాడే. గంప ఇచ్చేసి అటు నుంచి అటే బడికి పరుగెత్తుతాడు."

అనగా నేను పలక మీద సుద్ద పెట్టకముందే వాడు అయిదు గంటలు పని చేసి వస్తున్నాడు. నేను బెత్తముతో కొట్టినది ఆ చేతులనే. తరగతిలో అందరికంటె ముందు నిద్ర లేచినవాడికి నేను సోమరితనము గూర్చి నీతి చెప్పాను.

ఆ రోజుతో నేను మారిపోయానని వ్రాయగలిగితే బాగుండును. ఆ ఒక్క అబ్బాయిని కొట్టడము మానాను. మిగిలినవారిని మరి రెండు మూడు సంవత్సరములు కొడుతూనే ఉన్నాను. వారి ఇండ్లకు నేను వెళ్ళలేదు గనుక వారికి కారణములు లేవనుకొన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మొదటి తప్పు కంటె ఈ రెండవదే నన్ను ఎక్కువగా పీడిస్తుంది.

1986లో బాలకార్మికుల చట్టము వచ్చినది. పధ్నాలుగేండ్ల లోపు పిల్లలతో చేయించకూడని పనుల పట్టికలో బీడీ పని కూడా చేర్చారు. కాని కుటుంబస్థులే కలిసి చేసుకొనే పనికి ఆ నిషేధము వర్తించదని అందులోనే మినహాయింపు పెట్టారు. ఆ అబ్బాయి పని చేసినది ఇంటిలోనే కదా! చట్టము గుమ్మము దాకా వచ్చి ఆగిపోయినది. 1996లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ మన దేశములోని వెట్టి బాలకార్మికుల గూర్చి ప్రచురించిన నివేదికలో బీడీ పని సంగతి కూడా ఉన్నది. 2009 నాటి విద్యా హక్కు చట్టము బడిలో దెబ్బలను, మనస్సు నొప్పించే శిక్షలను నిషేధించినది. నా బెత్తమునకు చట్టము అడ్డు చెప్పుటకు ఇరవై అయిదు సంవత్సరములు పట్టినది. ఇంటిలోని ఉదయము మాత్రము ఇప్పటికీ ఇంటివారి మనస్సాక్షికే వదిలివేయబడినది.

బిడ్డ ఉదయము ఎవరి బాధ్యత అనునది మన మద్రాసు రాష్ట్రములో కొత్త ప్రశ్న కాదు. మన గుడియాత్తంకు దీనితో దగ్గర సంబంధమే ఉన్నది. 1953లో ముఖ్యమంత్రి రాజాజీగారు గ్రామ ప్రాథమిక పాఠశాలలకు ఒక కొత్త పద్ధతి తెచ్చారు. బడి రోజుకు మూడు గంటలే. పిల్లలను రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు ఉదయము, మరొక జట్టుకు మధ్యాహ్నము పాఠము. మిగిలిన సమయము ఇంటి దగ్గర తండ్రి వృత్తి చూచి నేర్చుకోవాలి. కాగితము మీద చూస్తే ఇది తొందర లేని బాల్యముగానే కనబడును. చిన్నపిల్లలను రోజంతా బల్లకు కట్టి వేయరాదన్న మాటలో నిజము లేకపోలేదు. కాని సమయమును ఇంటికి తిరిగి ఇస్తే ఏ ఇంటికి ఇస్తున్నాము అని చూడాలి కదా. వకీలుగారి ఇంటిలో ఆ మూడు గంటలు పుస్తకము అవుతుంది. నేతగాని ఇంటిలో మగ్గము అవుతుంది. చర్మకారుని ఇంటిలో తోలు అవుతుంది. కులవృత్తికి పిల్లలను కట్టివేసే పథకమని పెద్ద అలజడి లేచినది. రాజాజీగారు పదవి వదిలారు. 1954 ఏప్రిల్‌లో కామరాజుగారు ముఖ్యమంత్రియై మే నెలలో ఆ పథకమును రద్దు చేశారు. అప్పటికి ఆయన శాసనసభ్యుడు కాడు. ఆ సంవత్సరములోనే జరిగిన ఉప ఎన్నికలో ఆయనను గెలిపించి సభకు పంపినది మన గుడియాత్తం నియోజకవర్గమే.

ఆ కామరాజుగారి కాలములోనే, 1956లో, బడిలో మధ్యాహ్న భోజనము రాష్ట్రమంతటా మొదలైనది. అంతకు ముందే 1920లో మద్రాసు కార్పొరేషను అధ్యక్షుడుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టిగారు థౌజండ్ లైట్స్ పాఠశాలలో పిల్లలకు టిఫిను పెట్టించారు, తలకు అణా మించకుండా. ఆయన తెలుగువారే, మగ్గముల వీధులు ఎరిగిన దేవాంగ కుటుంబమువారు. ఎం.జి.ఆర్.గారు 1982 జులైలో పౌష్టికాహార పథకము పెట్టారు. ఇవన్నీ మధ్యాహ్నమునకు సంబంధించినవే ఎక్కువ. ఉదయము మాత్రము చాలాకాలము తల్లి వంతుగానే మిగిలినది. 2022 సెప్టెంబరు 15న మదురైలో ముఖ్యమంత్రి అల్పాహార పథకము మొదలైనది. 2023 ఆగస్టులో అది రాష్ట్రములోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ, అనగా దాదాపు 31 వేల బళ్ళకు, చేరినది. కామరాజుగారి పుట్టినరోజైన 2024 జులై 15న పల్లెలలోని ఎయిడెడ్ బళ్ళకు, 2025 ఆగస్టులో పట్టణాలలోని ఎయిడెడ్ బళ్ళకు కూడా విస్తరించినది. ఒకటి నుండి అయిదు తరగతుల పిల్లలకు ఉప్మా, పొంగలి, కిచిడీ వంటివి బడి మొదలయ్యేలోపు వేడిగా పెడతారు.

దీని గూర్చి మన సంఘములలో నేను విన్న మాట ఒకటి చెప్పాలి. "మనము ఊరు విడిచి వచ్చి కష్టపడి నిలబడినవారము. మన బిడ్డ సర్కారు ఉప్మా తింటే ఆ తల్లి పొయ్యి వెలిగించని సోమరి అనుకోరా?" అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైనది. నెల్లూరు నుండో ఒంగోలు నుండో వచ్చి ఇక్కడ మూడు తరములుగా మనము కట్టుకొన్నది ఇల్లు ఒక్కటే కాదు, నలుగురిలో తల ఎత్తుకొని తిరగడము కూడా. అయినా నేను ఆయనతో ఏకీభవించను. ఆ ప్లేటు ముందు కూర్చున్న అందరూ ఒకే తిండి తింటారు. తల్లి గౌరవము బిడ్డ కడుపు మీద నిలబెట్టరాదు. బిడ్డ ఖాళీ కడుపుతో వచ్చి ప్రార్థనలో కళ్ళు తిరిగి పడడము నేను నా కళ్ళతో చూచినవాడిని. ఇంటి గౌరవము వాడికి అన్నము పెట్టలేదు.

మనలో అనేకుల పిల్లలు మెట్రిక్యులేషను బళ్ళలోను, సి.బి.ఎస్.ఇ. బళ్ళలోను చదువుతున్నారు గనుక ఈ పథకము వారికి అందదు. అందినవారి ఇంటిలోనైనా పొయ్యి పని ఒకటి తగ్గునే గాని గొంతు దానంతట అది తగ్గదు. ఆ గొంతు సంగతికి వస్తాను. దానికి ముందు నిద్ర.

ఆరు నుండి పన్నెండేండ్ల బిడ్డకు రోజుకు తొమ్మిది నుండి పన్నెండు గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రా వైద్యుల సంఘము 2016లో చెప్పినది. పదమూడు దాటినవారికి ఎనిమిది నుండి పది. యౌవనములోనికి వచ్చే పిల్లలకు రాత్రి నిద్ర ఆలస్యముగా పట్టడము శరీర ధర్మమే. అది మొండితనము కాదు. మా తరము ఉపాధ్యాయులకు ఇది తెలియదు. కాలిఫోర్నియాలో హైస్కూళ్ళు సాధారణముగా ఎనిమిదిన్నరకు ముందు మొదలు కారాదని చట్టము చేసి 2022 జులై నుండి అమలులో పెట్టారు. అక్కడున్న మన తెలుగు పిల్లలు ఎందరో ఆ అరగంట అదనముగా నిద్రపోతున్నారు. ఇంత దూరము ఎందుకు, 2024లో మహారాష్ట్ర ప్రభుత్వము నాలుగవ తరగతి వరకు పిల్లలకు తొమ్మిదికి ముందు బడి పెట్టవద్దని ఉత్తర్వు ఇచ్చినది. ఏడుంబావుకు వ్యాను ఎక్కే బిడ్డ ఆరింటికి లేవాలి. ఆరింటికి లేచే ఎనిమిదేండ్లవాడు రాత్రి తొమ్మిది కొట్టేసరికి నిద్రలో ఉంటే గాని ఆ లెక్క సరిపోదు.

మన ఇండ్లలో రాత్రి తొమ్మిదికి ఏమి జరుగుచున్నది? టీవీ సంగతి, ఫోను సంగతి అందరూ చెప్పేదే, నేను మళ్ళీ చెప్పను. ఎవరూ చెప్పనిది ఒకటి చెబుతాను, పెద్దలు క్షమించాలి. వారము మధ్యలో మనము పెట్టుకొనే గృహ కూడికలు ఎన్నింటికి ముగుస్తున్నవి? ఏడింటికి అని ప్రకటిస్తాము. ఏడున్నరకు హార్మోనియము తెరుస్తాము. సాక్ష్యములు, ప్రసంగము, ప్రార్థన, ఆ తరువాత ఆతిథ్యమిచ్చినవారి ఇంటి టిఫిను. తొమ్మిదిన్నర సులువుగా అవుతుంది, ఒక్కొక్కప్పుడు పది. చాప మీద వరుసగా నిద్రపోయిన పిల్లలను భుజము మీద వేసుకొని బండి ఎక్కుతాము. ఆ పిల్లలనే మరునాడు ఆరింటికి "ఎంత లేపినా లేవడు, మొద్దు" అంటాము. ఆ సహోదరి నన్ను ప్రశ్న అడిగిన కూడిక ఎప్పుడు ముగిసినదో తెలుసా? తొమ్మిది నలభైకి. ప్రసంగము నాది. మరునాటి ఉదయము ఆ ఇంటిలో పడిన దెబ్బలో నా వంతు కూడా ఉన్నది.

ఇప్పుడు నా సొంత ఇంటి మాట. ఉద్యోగ విరమణ తరువాత వేలూరులో మా అమ్మాయి ఇంటిలో ఉంటున్నాను. అమ్మాయికి ఆసుపత్రిలో డ్యూటీ, అల్లుడికి ఆఫీసు. మనుమరాలు రెండవ తరగతి. మొన్న మొన్నటి వరకు ఆ ఇంటిలో ఉదయము పూట నా పని పేపరు చదవడము, కాఫీ కొరకు ఎదురుచూడడము. ఒకరోజు మనుమరాలు ఒక కాలికి బూటు వేసుకొని నా ముందు నిలబడి, "తాతయ్యా, నీకు కూడా లేటవుతుందా?" అని అడిగినది. "నాకెందుకమ్మా లేటు, నేనెక్కడికీ వెళ్ళను కదా" అన్నాను. "మరి నువ్వెందుకు కూర్చున్నావు?" అన్నది.

పిల్ల అమాయకముగానే అడిగినది. కాని నా చేతిలోని పేపరు అక్కడితో మడతపడినది. ఇంటిలో అందరికంటె ఎక్కువ సమయమున్నవాడు కూర్చున్నాడు. అందరికంటె తక్కువ సమయమున్న మనిషి నిలబడి నాలుగు పనులు చేయుచున్నది. ఆ తోపు నేరుగా ఆ బిడ్డ మీదకు వెళ్ళుచున్నది.

ఆ వారములోనే నేను జడ వేయడము నేర్చుకొన్నాను. అరవై నాలుగేండ్ల వయస్సులో! పాపిట మొదటి పది రోజులు కౌండిన్య నది వలె వంకరలు తిరిగినది. బడిలో టీచరు "మీ జడ ఎవరు వేశారు?" అని అడిగితే "మా తాతయ్య" అని గొప్పగా చెప్పినదట. క్యారేజీలు రాత్రి కడిగి బోర్లించడము కూడా నాదే. యూనిఫారము ఇస్త్రీ అల్లుడు రాత్రి అన్నము తరువాత చేస్తాడు. మొదట మా అమ్మాయికే ఇది కష్టముగా తోచినది, "నువ్వెందుకు నాన్నా, నలుగురూ ఏమనుకొంటారు" అన్నది. నలుగురూ ఆ వేళకు తమ తమ ఇండ్లలో సాక్సులు వెదుక్కొంటూ ఉంటారు, మన ఇంటికి ఎవరు వస్తారు అన్నాను.

రాత్రి చేయగలిగినవన్నీ రాత్రియే చేస్తాము. పుస్తకముల సంచి సర్ది గుమ్మము దగ్గర పెడతాము. సాక్సులు బూట్లలోనే దూర్చి ఉంచుతాము. డైరీలో సంతకము, నీళ్ళ సీసా, మరునాడు ఏ కూర అన్న నిర్ణయము, అన్నీ ఎనిమిదింటిలోపు. ఇవి ఏ గృహిణికీ తెలియనివి కావు. తెలిసినా జరగకపోవుటకు కారణము, అవన్నీ ఆమె ఒక్కతే చేయాలి, రాత్రికి ఆమె అలసిపోయి ఉంటుంది. చేతులు మూడు జతలు అయితేనే ఈ ఉపాయములు పని చేస్తవి. ఒక్క జత చేతులకు చెప్పితే అవి ఉపాయములు కావు, మరి నాలుగు పనులు.

ఇంకొకటి, ట్రైనింగులో నేర్చుకొన్న అట్ట గడియారమును మళ్ళీ చేశాను. నిజము గడియారము క్రింద దానిని మనుమరాలి ఎత్తుకు తగిలించి, పెద్ద ముల్లు ఎక్కడికి వస్తే బూట్లు వేసుకోవాలో అక్కడ ఎర్ర కాగితము అంటించాను. ఇప్పుడు "టైమైంది టైమైంది" అని ఎవరూ అరవనవసరము లేదు, తానే చూచుకొనును. కొన్నిసార్లు మాకే చెప్పును. గడియారము పెద్దల చేతిలో ఉన్నంతకాలము అది పిల్లలకు కర్ర వంటిది. ఇప్పుడు కొంచెము వారి చేతికి కూడా వచ్చినది. అయినా అంతా సవ్యముగా జరుగుచున్నదనుకోవద్దు. పోయిన బుధవారము వ్యాను తప్పిపోయి ఆటోలో దిగబెట్టి వచ్చాను.

ఇక గొంతు సంగతి. ఒక ఉదయము ఏమీ మాట్లాడకుండా కూర్చుని, నిద్ర లేచినది మొదలు వ్యాను ఎక్కేవరకు ఆ బిడ్డ చెవిలో పడిన మాటలన్నీ క్యాలెండరు కాగితము వెనుక వ్రాశాను. లే. ముఖము కడుగు. త్వరగా. పాలు త్రాగు. క్రింద పోయకు. ఎన్నిసార్లు చెప్పాలి. తొడుక్కో. పద. ఒకటి రెండు తప్ప అన్నీ ఆజ్ఞలే. మా అమ్మాయి చాలా నెమ్మదియైన మనిషి. ఆమె నోటి నుండే ఇవి వచ్చినవి.

మనవంటి వలస కుటుంబములకు ఇందులో మరొక నష్టము ఉన్నది. మన పిల్లలకు బడిలో తమిళము, ఇంగ్లీషు. 2006 నాటి చట్టము తరువాత ఇక్కడి బళ్ళలో తమిళము అందరూ నేర్చుకోవలసినదే, నేర్చుకొంటున్నారు, మంచిదే. ఈ నేల మనకు అన్నము పెట్టినది. వీధిలో ఆట తమిళములో, టీవీలో బొమ్మలు ఇంగ్లీషులో. తెలుగు మిగిలినది ఇంటిలో, అదీ ఉదయము ఒక గంట, రాత్రి ఒక గంట. ఆ ఉదయపు గంటలో వాడికి తెలుగు ఏమని వినబడుచున్నది? స్నేహితుడు పిలిచేది తమిళములో, తిట్టు వచ్చేది తెలుగులో. రేపు పెద్దవాడై తెలుగులో మాట్లాడడని, సండేస్కూలులో తమిళ పాటలే అడుగుతున్నాడని మనమే బాధపడుతున్నాము. ఏ భాషలో తనను ముద్దుగా పిలిచారో మనిషి ఆ భాషకే తిరిగి వస్తాడు. ఇది పరిశోధన చేసి చెప్పుట లేదు, ఇన్నేండ్లు పిల్లలను చూచి చెబుతున్నాను.

దీనికి ఎదురు మాట నాకు తెలుసు. మా సంఘములోనే ఒక రిటైర్డు మిలిటరీ సహోదరుడు ఉన్నాడు. "మాస్టారూ, మీరు పిల్లలను మెత్తబరుస్తున్నారు. వేళకు రావడము నేర్వనివాడు రేపు ఏ ఉద్యోగములో నిలుస్తాడు?" అన్నాడు. ఆయన మాటను త్రోసివేయను. వేళ పాటించడము మంచి గుణమే. ఇతరుల సమయమును దొంగిలించకపోవడము అందులో ఉన్నది. కాని ఒక గుణము నేర్చుకోవాలంటే అది తన చేతిలో కొంతయినా ఉండాలి. నాలుగింటికి లేచి బీడీ తలలు మూసిన ఆ అబ్బాయికి నా బెత్తము వేళ పాటించడము నేర్పినదా? వాడు అప్పటికే ఏజెంటు వేళను పాటిస్తున్నాడు, నాకంటె బాగా. వాడు నా నుండి నేర్చుకొన్నది ఒక్కటే, బడిలో కూడా కారణము అడగరు అని. తొందరపెట్టబడిన బిడ్డ వేళను ప్రేమించడు, వేళకు భయపడును. ఆ రెంటికీ తేడా పెద్దయిన తరువాత తెలుస్తుంది. భయపడినవాడు అధికారము చేతికి వచ్చిన రోజున తన క్రిందివారిని తొందరపెడతాడు. నేను అలాగే పెట్టాను కదా.

ఇప్పుడు ఆ సహోదరికి జవాబు. అమ్మా, నీవు అడిగినది పాపమేనా అని. బిడ్డను కొట్టడము తప్పే. దానిని తప్పు కాదని చెప్పి నిన్ను ఓదార్చను, ఏడ్చిన నీ మనస్సుకే అది తెలుసు. కాని ఆ తప్పు నీ ఒక్కదానిది అని నీవు అనుకొంటున్నావు చూడు, అది నిజము కాదు. ఆ ఉదయములో నీ భర్త వంతు ఉన్నది, పక్క గదిలో పేపరు చదివే మావంటివారి వంతు ఉన్నది, పది గంటల వరకు కూడిక సాగదీసిన సంఘ పెద్దల వంతు ఉన్నది, ఏడుంబావుకే బిడ్డను ఎక్కించుకొనే బడి వంతు ఉన్నది. మేము మా వంతు తీసుకొన్న తరువాత నీకు మిగిలేది ఎంతో చూద్దాము. అప్పుడు కూడా ఓపిక చాలకపోతే మళ్ళీ అడుగు. ఈలోగా ఒక ఉదయము చేయి లేచినట్లయితే, వ్యాను కదిలే లోపల కిటికీ దగ్గరకు వెళ్ళి వాడిని పేరు పెట్టి పిలిచి, "పొద్దున నాది తప్పు నాన్నా" అని చెప్పు. కంపెనీ బస్సు ఒక నిమిషము ఆగకపోవచ్చును, అయినా చెప్పు. నేను ఆ అబ్బాయికి ఎన్నడూ చెప్పలేదు. అయిదవ తరగతి అయిన తరువాత ఆ కుటుంబము ఎక్కడికి వెళ్ళినదో నాకు తెలియలేదు.

పెద్దలము మాట్లాడుకొన్నాము. వచ్చే నెల గుడియాత్తం కుటుంబ కూడిక రెండవ శనివారము సాయంత్రము అయిదున్నరకు మొదలై ఏడున్నరకు ముగియును. పాటలు రెండు తగ్గించాము. ప్రసంగము మళ్ళీ నాదే గనుక అది కూడా పదిహేను నిమిషములే. ఆ సహోదరి భర్త కూడా వస్తానన్నాడు, టిఫిను సంగతి తానే చూచుకొంటాడట. పిల్లలను తప్పక తీసుకొని రండి.